అత్తయ్య మిక్నస: సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాకా

మా ఇంట్లో దీన్ని ఎవరూ వాక్యూమ్ క్లీనర్ అనలేదు. మిక్నస అనే అన్నాం. అది అరబ్బీ మాట. మా మేనత్త కువైట్ నుంచి తెచ్చుకున్న మాటల్లో ఒకటి. వస్తువుతో పాటు పేరు కూడా కార్గోలో దిగింది.

అత్తయ్య 1983లో రాజోలు దగ్గరి మా ఊరి నుంచి కువైట్ వెళ్ళింది, ఇంటి పనికి. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరి, ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయిలో దిగింది. అప్పుడు అలా తిరిగొచ్చిన మనవాళ్ళు సుమారు 1,70,000 మంది. తన చేతిలో ఒక్క సంచి ఉంది. 1992లో మళ్ళీ అదే ఇంటికి వెళ్ళింది. 1996లో ఆ ఇంటి 'మామా' (యజమానురాలు) కొత్త మెషీన్ కొనుక్కుని పాతది అత్తయ్యకి ఇచ్చేసింది. షిప్ కార్గోలో అది ఊరికి చేరింది. ఆ తర్వాత ఏటా సంక్రాంతి ముందు బూజులు దులిపే రోజుల్లో అన్నదమ్ముల ఇళ్ళన్నీ తిరిగేది. బూరుగు దూది పరుపులు, మంగళూరు పెంకుల కింది వాసాలు, రేడియో వెనక దుమ్ము, అన్నిటికీ అదే. తర్వాత అత్తయ్య దగ్గర్నుంచి మా అమ్మ దగ్గరికి వచ్చింది. 2011లో ఒకరోజు కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. అప్పటినుంచి అటక మీదే ఉంది.

ఈ సంవత్సరం దించాను. ఏ రోజు ఏం చేశానో ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంట్లో ఇలాంటి పాత మెషీన్ ఉన్నవాళ్ళకి కొలతలు పనికొస్తాయి.

సెప్టెంబరు 7

డ్రమ్ము రకం మెషీన్. ఇనప డ్రమ్ము, దాని మీద మోటారు తల, రెండు పక్కలా క్లిప్పులు, కింద నాలుగు చిన్న చక్రాలు. లోపల గుడ్డ ఫిల్టరు. గాలి బయటికి వచ్చే మూతికి పైపు పెడితే ఊదుతుంది కూడా. గల్ఫ్ ఇళ్ళలో ఈ డ్రమ్ము రకం బాగా వాడతారు. తివాచీలు ఎక్కువ, దుమ్ము తుఫాను వస్తే దుమ్మూ ఎక్కువే. ఆ తుఫానుని వాళ్ళు 'తూజ్' అంటారు. రేటింగ్ ప్లేటు మీద 240 వోల్టులు, 50 హెర్ట్‌జ్, 1000 వాట్లు అని ఉంది. మన 230 వోల్టులకి ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

మనవైపు చాలామందికి వాక్యూమ్ క్లీనర్ అంటే 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్, బ్యాగు పట్టుకుని ఇంటింటికీ వచ్చి తివాచీ మీద దుమ్ము లాగి చూపించిన సేల్స్‌మన్ గుర్తొస్తారు. కోనసీమలో మా వీధికి అలా ఎవరూ రాలేదు. మాకు మెషీన్ ఓడెక్కి వచ్చింది.

డ్రమ్ము పక్కన తెల్ల ఎనామిల్ రంగుతో ఇంగ్లీషు అక్షరాల్లో అత్తయ్య పేరు, ఊరు, ఈస్ట్ గోదావరి అని రాసి ఉంది. కార్గో వాళ్ళు కుంచెతో రాసినది. ఇప్పుడు అది కోనసీమ జిల్లా. డ్రమ్ముకి అక్కడక్కడ తుప్పు ఉన్నా రంగు వేయకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. తుప్పు ఉన్నచోట మాత్రం గీకి, పల్చగా నూనె రాస్తాను.

సెప్టెంబరు 14

కరెంటు పెట్టకముందే వైరు చూశాను, మంచిదైంది. ఎప్పుడో ఒక ఎలక్ట్రీషియన్ కువైట్ నుంచి వచ్చిన చదరపు పిన్నుల ప్లగ్ కోసేసి, రెండు పిన్నుల ప్లగ్ బిగించాడు. పచ్చ-పసుపు ఎర్త్ వైరుని మొదట్లోనే కత్తిరించి టేపు చుట్టేశాడు. ఇనప డ్రమ్ముకి ఎర్త్ లేదు! అమ్మ ఇన్నేళ్ళూ "తడి కాళ్ళతో ముట్టుకుంటే జిల్లుమంటుంది, చెప్పులేసుకోండి" అంటుండేది. కారణం ఇదీ.

పాత మెషీన్ ఎవరి చేతికి వచ్చినా మొదట చూడాల్సింది ఇదే. ఇనప బాడీ ఉంటే మూడు కోర్ల వైరు, మూడు పిన్నుల ప్లగ్ తప్పనిసరి. నేను 1 చదరపు మిల్లీమీటరు రాగి ఫ్లెక్సిబుల్ వైరు 5 మీటర్లు వేశాను. 1000 వాట్లకి నాలుగున్నర ఆంపియర్లు కూడా దాటదు కాబట్టి 6 ఆంపియర్ల ప్లగ్ చాలు. ఎర్త్ స్క్రూ కింద రంగు గీకి, పళ్ళ వాషర్ వేసి బిగించాను. రంగు మీద బిగిస్తే ఎర్త్ ఇచ్చినట్టు కాదు.

తర్వాత రీవైండింగ్ షాపులో మెగ్గర్ (కరెంటు బాడీకి లీకవుతోందా అని చూసే మీటరు, అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిది) అడిగి తెచ్చి 500 వోల్టుల మీద చూస్తే వైండింగుకీ, అంటే మోటారు తీగల చుట్టకీ, బాడీకీ మధ్య 0.3 మెగా ఓమ్‌లే వచ్చింది. షాపాయన "మోటారు పోయింది, కొత్తది వేసెయ్యండి" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. పద్నాలుగేళ్ళు అటక మీద ఉన్న మోటారు, పైగా వానాకాలం. అట్టపెట్టెలో మోటారు పెట్టి, పక్కన 60 వాట్ల పాత బల్బు వెలిగించి, పెట్టెకి రెండు బెజ్జాలు పెట్టి రెండు రోజులు అలాగే ఉంచాను. అట్టకి బల్బు తగలకుండా మధ్యలో పెంకు ముక్క పెట్టాను. మూడో రోజు 20 మెగా ఓమ్‌లు దాటింది. తేమ తప్ప ఇంకేం లేదు. నా వరకు 2 మెగా ఓమ్‌ల కంటే తక్కువ చూపిస్తే కరెంటు పెట్టను.

అక్టోబరు 5

మోటారు విప్పాను. ఇది కార్బన్లు (తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే ముక్కలు) ఉండే యూనివర్సల్ మోటారు, మిక్సీలో ఉండే రకమే. కదలకుండా ఉండే రెండు తీగ చుట్టలు, ఫీల్డ్ కాయిల్స్, 1.4 ఓమ్‌ల చొప్పున సమానంగా ఉన్నాయి. కమ్యుటేటర్ (కార్బన్లు ఆనే రాగి పట్టీల చక్రం) మీద పక్కపక్క పట్టీల మధ్య చుట్టూ కొలిస్తే అన్నీ ఒకేలా వచ్చాయి. అంటే ఆర్మేచర్, తిరిగే భాగం, బాగుంది. మరి కాలిన వాసన ఎక్కడిది?

కార్బన్లు బయటికి తీస్తే తెలిసింది. ఒకటి 9 మిల్లీమీటర్లు మిగిలింది. రెండోది 4 మాత్రమే, దాని స్ప్రింగు కాలి మెత్తబడింది. కార్బన్ సరిగా ఆనక నిప్పురవ్వలు లేచాయి, వాసన వాటిదే. "మోటారు కాలిపోయింది" అని తీసి పడేసే మెషీన్లలో చాలావాటి జబ్బు ఇంతే. పాత సామాను వాడికి వేసే ముందు కార్బన్లు ఒక్కసారి తీసి చూడండి. కొత్తవాటి పొడవులో మూడో వంతు మిగిలేసరికి మార్చేయాలి.

ఫ్యాన్ గూటిలో, మోటారు కింద మూలల్లో మెత్తటి పసుపుపచ్చ దుమ్ము గట్టిపడి ఉంది. మన నల్లమట్టి అలా ఉండదు. వేలితో నలిపితే టాల్కం పౌడరులా జారింది. ఫోను చేసి చెప్తే అత్తయ్య వెంటనే అంది: "తూజ్ రా అల్లుడూ అది. తలుపులన్నీ వేసినా లోపలికొచ్చేది. పొద్దున లాగితే సాయంత్రానికి మళ్ళీ అంతే." ఆ దుమ్ముని చిన్న మందు సీసాలో పోసి ఉంచాను. కుంచెతో ఊడ్చి పారేయడానికి చేతులు రాలేదు.

అక్టోబరు 19

బేరింగుల రోజు. చేత్తో తిప్పితే గరగర. రెండు వైపులా 608 బేరింగులే. లోపలి రంధ్రం 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు. స్కేటింగ్ చక్రాల్లో వాడేవీ ఈ సైజే కానీ, వేగానికి తట్టుకునే మంచి కంపెనీవి తీసుకోవాలి. రెండు పక్కలా రేకు మూత ఉండే జడ్‌జడ్ రకం, సి3 అని రాసి ఉన్నవి సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరికాయి. రబ్బరు మూత ఉన్నవి ఇంత వేగంలో రాసుకుని వేడెక్కుతాయి. సి3 అంటే లోపల కాస్త సందు ఎక్కువ, వేడికి వ్యాకోచించినా బిగుసుకోదు.

ఫ్యాన్ నట్టు దగ్గర గంటన్నర పోయింది. ఎటు తిప్పినా కదలదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా ఉంచాక అర్థమైంది, నా మోటారులో అది తిరగేసిన మర. బిగించేవైపు తిప్పితే ఊడింది. బలం పెట్టే ముందు రెండు వైపులా మెల్లగా ప్రయత్నించి చూసుకోవాలి. ఫ్యాన్‌కీ షాఫ్టుకీ మార్కరుతో ఒక గీత గీశాను, మళ్ళీ అదే చోట కూర్చోవాలి. లేకపోతే బ్యాలెన్స్ తప్పి డ్రమ్మంతా వణుకుతుంది. కొత్త బేరింగుని షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే దెబ్బ పడాలి. బయటి రింగు మీద కొడితే కొత్త బేరింగు ఆ క్షణమే పాడైపోతుంది. సరిపడే ఇనప గొట్టం ముక్క పెట్టి, మెల్లగా, నాలుగైదు దెబ్బలు.

నవంబరు 9

మొదటిసారి తెచ్చిన కార్బన్లు వెడల్పులో అర మిల్లీమీటరు లావు. కొలత రాసిచ్చినా షాపులో వేరేవి ఇచ్చారు. అద్దం ముక్క మీద సన్న సాండ్ పేపరు పరిచి నాలుగు పక్కలా రుద్ది సరిచేశాను. గూటిలో స్వేచ్ఛగా జారాలి, కానీ ఊగకూడదు. స్ప్రింగులు రెండూ కొత్తవే వేశాను.

కమ్యుటేటర్‌ని 600 నంబరు సాండ్ పేపరుతో శుభ్రం చేశాను. ఇనుము రుద్దే ఎమరీ కాగితం వాడకూడదు, దాని రవ్వలు పట్టీల మధ్య ఇరుక్కుంటే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. పట్టీల మధ్య గాళ్ళలోని కార్బన్ పొడిని వెదురు పుల్లతో తీశాను. ఇక్కడో మాట. రాగి తళతళా మెరవాలని రుద్దేస్తుంటారు. అక్కర్లేదు. బాగా నడిచిన కమ్యుటేటర్ మీద చాక్లెట్ రంగు పొర ఉంటుంది, అది మంచిదే. మచ్చలు, గరుకు పోతే చాలు.

కార్బన్లు కమ్యుటేటర్ వంపుకి కుదురుకోవాలంటే మొదట నెమ్మదిగా నడపాలి. 750 వాట్ల ఇస్త్రీ పెట్టెని సిరీస్‌లో పెట్టి, అంటే కరెంటు దాని గుండా వెళ్ళి మోటారుకి చేరేలా కలిపి, అరగంట తిప్పాను. ఇస్త్రీ పెట్టె వేడెక్కుతుంది, రాతి బండ మీద నిలబెట్టి పక్కనే కూర్చోవాలి. మొదట పెద్ద రవ్వలు కనిపించాయి, చివరికి సన్న నీలి మెరుపు మాత్రం మిగిలింది.

తర్వాత నేరుగా పెట్టాను. రివ్వుమంది. వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. స్విచ్ ఆపాక మోటారు పూర్తిగా ఆగడానికి 11 సెకన్లు పట్టింది. పాత బేరింగులతో, సెప్టెంబరు చివర్లో కాసేపు తిప్పి చూసినప్పుడు 3 సెకన్లలోనే ఆగిపోయింది.

డిసెంబరు 7

మోగితే సరిపోదు, లాగాలి. లాగుడు కొలవడానికి మేస్త్రీలు వాడే లెవల్ పైపు తెచ్చాను. దాన్ని యు ఆకారంలో గోడకి కట్టి, నీలిమందు కలిపిన నీళ్ళు పోసి, ఒక కొస మెషీన్ పైపు మూతిలో రబ్బరు బిరడాతో బిగించాను. రెండు వైపుల నీటి మట్టాల తేడా ఎన్ని సెంటీమీటర్లో అదే దాని లాగుడు. మొదటి రోజు పైపు పొట్టిదై నీళ్ళు నేరుగా డ్రమ్ములోకి వెళ్ళాయి. అదృష్టవశాత్తు ఫిల్టరు దగ్గరే ఆగాయి. ఒక్కో వైపు కనీసం 2 మీటర్లు పెట్టుకోండి.

మొదట 62 సెంటీమీటర్లు వచ్చింది. తలకీ డ్రమ్ముకీ మధ్య రబ్బరు రాయిలా గట్టిపడింది, అగరుబత్తి పొగ పెడితే చుట్టూ లోపలికి పీల్చుకుంటోంది. కారు తలుపులకి అతికించే స్పంజి రబ్బరు పట్టీ వేస్తే 96కి వచ్చింది. పైపు మెడ దగ్గర చీలింది, అక్కడ జానెడు కోసేసి మళ్ళీ మర తిప్పి బిగిస్తే 148. ఖర్చు లేని ఆ ఒక్క కోతకి సగానికి పైగా పెరిగింది.

పైపు మూసినప్పుడు మోటారు గొంతు పెంచుతుంది కదా, పాపం కష్టపడుతోంది అనుకుంటాం. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) పెడితే తెరిచినప్పుడు 4.1 ఆంపియర్లు, మూసినప్పుడు 3.0. లాగడానికి గాలి లేక బరువు తగ్గి వేగం పెరుగుతోంది. కానీ మోటారుని చల్లబరిచేదీ ఆ గాలే, అందుకని మూసి ఉంచి నిమిషం కంటే ఎక్కువ నడపకూడదు.

డిసెంబరు 21

గుడ్డ ఫిల్టరు చివికిపోయింది. పాతదాని కుట్లు విప్పి, కాగితం మీద గీసి, టైలర్‌తో రెండు పొరల ఫ్లానెల్ గుడ్డతో కుట్టించాను. 50 గ్రాముల బియ్యప్పిండి నేల మీద చల్లి లాగించి, గాలి వచ్చే మూతి దగ్గర నల్ల గుడ్డ పట్టుకున్నాను. మొదటిసారి తెల్లగా పట్టింది, కుట్టు బెజ్జాల్లోంచి. కుట్ల మీద లోపలి వైపు పట్టీ వేయించాక నల్లగుడ్డ నల్లగానే ఉంది.

జనవరి 4

ఆటోలో వేసుకుని అత్తయ్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ మంచం మీంచి దిగి, ముందు డ్రమ్ము పక్కనున్న అక్షరాలు తడిమింది. "రంగెయ్యలేదేం రా?" అంది. నీ పేరు పోతుందని వెయ్యలేదన్నాను. స్విచ్ వేశాక పైపు మూతికి అరచెయ్యి ఆనించి, గుంజుకుంటుంటే అలాగే కాసేపు ఉంచింది. "ఇంత గట్టిగా అక్కడ కూడా లాగేది కాదు" అంది. తర్వాత వాసాల బూజు లాగమని నన్నే పురమాయించింది. ఎక్కడెక్కడ వదిలేశానో కిందినుంచి వేలు పెట్టి చూపిస్తూ నిలబడింది.

పండగ అయ్యాక మిక్నస కాకినాడలో ఉన్న వదిన కూతురి దగ్గరికి వెళ్తుంది. తనే అడిగింది. అప్పటిలోపు ఒక చక్రం పని మిగిలింది. నాలుగింట్లో ఒకటి పగిలి, ఇరుసు ఒంటరిగా ఉంది. ఇరుసు 6 మిల్లీమీటర్లు, చక్రం 40, మందం 18. ప్లాస్టిక్‌ది దొరుకుతోంది కానీ మిగతా మూడూ గట్టి రబ్బరువి. లేత్ పనివాడి దగ్గర పాత రబ్బరు దిమ్మ ఉందట, ఎల్లుండి రమ్మన్నాడు.