వాక్యం చివర చూడటం నేర్చుకున్నాను

అనంతపురంలో డిగ్రీ ముగించిన తరువాత ఒక దినపత్రిక నిర్వహించిన ఉప సంపాదకుల (వచ్చిన వార్తలను దిద్ది, శీర్షిక పెట్టేవారి) ఎంపిక పరీక్షకు హాజరయ్యాను. రోజూ పత్రిక చదివే అలవాటు చిన్నప్పటి నుంచి ఉంది కనుక గట్టెక్కుతాననే నమ్మకంతోనే వెళ్లాను. ఇంగ్లిషులో ఇచ్చిన ఒక నేర వార్తను తెలుగులో రాయమన్నారు. నేను దానికి ‘హత్య కేసులో దోషి అరెస్టు’ అని శీర్షిక పెట్టి వచ్చాను. ఎంపిక కాలేదు. మా వీధిలోనే ఉండే ఒక విశ్రాంత ఉప సంపాదకుడి దగ్గరకు వెళ్లి పరీక్షలో రాసినదంతా చెప్పినప్పుడు ఆయన శీర్షిక దగ్గరే ఆగిపోయారు.

‘‘దోషి అని ఎవరు తేల్చినారప్పా? కోర్టు తీర్పు ఇచ్చిందా?’’

పోలీసులు ఎవరిమీదనైతే సందేహపడుతున్నారో అతను అనుమానితుడు, కేసులో పేరు చేర్చితే నిందితుడు, నేరం రుజువైందని న్యాయస్థానం తేల్చిన తరువాతే దోషి. ఈ మూడు మాటలూ నాకు తెలిసినవే. వాటిలో ఒకదాని చోట మరొకటి పెడితే ఒక మనిషి పరువు పోతుందన్న సంగతి మాత్రం ఆ రోజు వరకు నా మనసుకు ఎక్కలేదు. 1926లో పప్పూరు రామాచార్యులు శ్రీసాధన పత్రికను మొదలుపెట్టిన ఊళ్లో పెరిగి, పత్రికను ఎలా చదవాలో తెలియకుండానే ఇన్నేళ్లు చదివానన్న బాధతో, మరుసటి రోజు నుంచి సాయంత్రాలు ఆయన ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను.

పతాక శీర్షిక (పేజీలో అన్నిటికన్నా పెద్దది), ఇంట్రో (వార్త మొదటి పేరా), డేట్‌లైన్ (వార్త ఎక్కడి నుంచి, ఏ రోజు వచ్చిందో), బైలైన్ (రాసినవారి పేరు) వంటి మాటలు వారంలోనే పట్టుబడ్డాయి. చాలాకాలం పట్టినవి, చూడటానికి ఒకేలా ఉండి అర్థంలో వేరైపోయే మాటలు. పోలీసులు చేసేది దర్యాప్తు, న్యాయస్థానంలో జరిగేది విచారణ. నిధుల వార్తల్లో కేటాయింపు, మంజూరు, విడుదల అనే మూడు మెట్లు ఉంటాయి. బడ్జెట్‌లో కేటాయించిన సొమ్ము మంజూరు కాకపోవచ్చు, మంజూరైనది ఏళ్ల తరబడి విడుదల కాకపోవచ్చు. ‘రోడ్డుకు నిధులు మంజూరు’ అన్న శీర్షిక చూసి పని మొదలైనట్టే భావించే పాఠకులలో నేనూ ఒకణ్ణి.

అన్నిటికన్నా నన్ను మార్చినది ఆయన చెప్పిన ఒక చిన్న పద్ధతి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక, ‘ఎవరో అన్నారు’ అన్న సంగతి కూడా తరచు చివరనే వస్తుంది. ‘కాలువ గట్టు తెగడానికి నాసిరకం పనులే కారణమని రైతులు ఆరోపించారు’ అన్న వాక్యంలో చివరి రెండు మాటలకు చేరేసరికి, నాసిరకం పనులే కారణమని మనసు ఒప్పేసుకుని ఉంటుంది. అందుకే ముందు చివర చూడమనేవారు. ‘తెలిపారు’, ‘అన్నారు’ అన్నవి ఎటూ మొగ్గని మాటలు. ‘వెల్లడించారు’ అంటే దాగి ఉన్న నిజం బయటపడినట్టు, ‘అంగీకరించారు’ అంటే అంతవరకు తప్పు దాచినట్టు ధ్వనిస్తుంది. ‘నిప్పులు చెరిగారు’, ‘దుయ్యబట్టారు’ అన్నప్పుడు మాట్లాడిన మనిషి కన్నా రాసిన మనిషి ఎక్కువగా కనిపిస్తాడు. ‘తెలిసింది’, ‘సమాచారం’ అని ముగిసే వాక్యంలో చెప్పిన మనిషే ఉండడు. నేను ఎర్ర పెన్నుతో క్రియలకు మాత్రమే గీతలు గీస్తూ ఒక నెలంతా జిల్లా పేజీలు చదివాను.

ఒకరోజు ఆయన మూడు పత్రికలను బల్ల మీద పక్కపక్కనే పరిచారు. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ల కోసం రైతులు రోడ్డు మీద కూర్చున్న వార్త మూడింటిలోనూ ఉంది. ఒకదాని శీర్షిక ‘నీటి కోసం అన్నదాతల ఆక్రందన’, రెండోది ‘సాగునీరివ్వాలని రైతుల ధర్నా’, మూడోది ‘ధర్నాతో నిలిచిన రాకపోకలు’. మూడూ నిజాలే. మూడో వార్తలో బస్సులు ఎంతసేపు ఆగాయో ఉంది కానీ, నీళ్లు ఎందుకు రాలేదో ఒక్క వాక్యమైనా లేదు. రాసినదాన్ని తప్పుపట్టడం కన్నా రాయకుండా వదిలినదాన్ని గుర్తించడం కష్టమని నాకు అక్కడ అర్థమైంది.

అంకెల పాఠం కూడా కాలువ వార్తలతోనే సాగింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. రోజుకు 86,400 సెకన్లు కనుక, రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ‘2,000 క్యూసెక్కులు విడుదల’ అన్న శీర్షిక ఘనంగానే కనిపిస్తుంది కానీ, అది రోజుకు 0.17 టీఎంసీ మాత్రమే. మరోసారి, వేరుశనగ సాగు కొన్నేళ్లలో సగానికి పడిపోయిందన్న వార్త చూసి కంగారుగా ఆయనకు చూపించాను. ఆయన సంవత్సరాల వైపు వేలు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయి, 63 మండలాల అనంతపురం రెండైంది. పాత అంకె ఉమ్మడి జిల్లాది, కొత్త అంకె మిగిలిన జిల్లాది. మా ప్రాంతంలో వేరుశనగ తగ్గుతున్న మాట వాస్తవమే, అందుకే దాని లెక్క సరిగా ఉండాలని ఇంకా గట్టిగా అనిపించింది.

రెండోసారి పరీక్షలో ఒక పత్రికా ప్రకటన ఇచ్చి వార్త రాయమన్నారు. అందులోని ‘చారిత్రాత్మక’, ‘కనీవినీ ఎరుగని’ వంటి విశేషణాలన్నీ తీసివేసి, ఎవరు చెప్పారో మొదటి పేరాలోనే పెట్టి రాశాను. ఎంపికయ్యాను.

వార్తలు దిద్దే డెస్కులో చేరిన మొదటి వారంలో ఒక మండలం నుంచి తాగునీటి వార్త వచ్చింది. అధికారుల నిర్లక్ష్యంతో పది రోజులుగా నీళ్లు లేవని ఉంది, ఆ మాట అన్నవాళ్ల పేరు లేదు. దాన్ని పంపిన కంట్రిబ్యూటర్‌కు, అంటే ఆ మండలం విలేకరికి, ఫోన్ చేశాను.

‘‘అన్నా, నిర్లక్ష్యమని ఎవరు చెప్పినారు?’’

‘‘ఊళ్లో అందరూ అంటాండారు సామీ.’’

ఆ అందరిలో ఇద్దరి పేర్లు, సంబంధిత ఇంజినీరు వివరణ కావాలని కోరాను. రాత్రి తొమ్మిదిన్నరకు వార్త తిరిగి వచ్చింది. బోరు మోటారు కాలిపోయిందని, కొత్తదానికి ప్రతిపాదన పంపామని ఇంజినీరు తెలిపారు. ఆ ప్రతిపాదన ఏ తేదీన పంపారో కూడా అడిగి, నీళ్లు ఆగిన ఎనిమిదో రోజున పంపారని తెలుసుకుని, ఆ వాక్యాన్ని రెండో పేరాలో చేర్చి పేజీకి పంపాను.