మత్తులో నాకు ఏమీ తెలియలేదా, లేక గుర్తు లేదా?

పోయిన నెల పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ జరిగింది. మత్తు డాక్టరు మాస్కు పెట్టి అంకెలు లెక్కపెట్టమన్నారు. మరుక్షణం అక్క గొంతు వినిపించింది, ఆపరేషన్ అయిపోయిందట. నిద్రలేచినప్పుడైతే కొంతసేపు గడిచిందన్న స్పృహ ఉంటుంది. ఇక్కడ అదీ లేదు.

అప్పటినుంచి ఒకటే ప్రశ్న: నాకు అనుభవమే లేదా, లేక ఉండి జ్ఞాపకం మిగలలేదా?

1977లో టన్‌స్టాల్ అనే మత్తు వైద్యుడు ఒక పద్ధతిని వివరించారు. కండరాలను సడలించే మందు ఇచ్చే ముందు చేతికి పట్టీ బిగిస్తారు. మందు ఆ చేతికి చేరదు, అది కదలగలదు. మత్తులో ఉన్న మనిషితో "నా చేయి నొక్కండి" అంటారు. ఇలా పరీక్షించినప్పుడు కొందరు నిజంగానే నొక్కారు! లేచాక వారిలో చాలామందికి ఏమీ గుర్తులేదు. ఇది చదివి చాలాసేపు కదలలేకపోయాను.

మన దగ్గర ఈ వాదం ఎంత పాతదో! "సుఖంగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు" అని లేచాక చెప్పగలుగుతున్నామంటే గాఢనిద్రలోనూ సాక్షిగా చైతన్యం ఉన్నట్టే అంటారు అద్వైతులు. అది జ్ఞాపకం కాదు, లేచాక తర్కంతో ఊహించి తేల్చుకున్నదే అంటారు నైయాయికులు, అంటే న్యాయ దర్శనం వారు. నా అనుభవం వరకు నైయాయికుల మాటే సరిపోతుంది. ఆ సుఖం కూడా నాకు గుర్తు లేదు మరి. కానీ ఆ చేయి నొక్కినవారి సంగతి? గుర్తులేనంత మాత్రాన వారికి ఆ క్షణంలో నొప్పి లేదని నేను అనలేను.