కుడి గట్టా, ఎడమ గట్టా: బొబ్బర్లంక నుంచి అంతర్వేదికి కాలినడకన

గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ మీంచి బొబ్బర్లంకలో దిగితే సెంట్రల్ డెల్టా ప్రధాన కాలువ తల దగ్గర ఉంటాం. దాని వెంట లొల్ల లాకుల దాకా, అక్కణ్ణించి గన్నవరం కాలువ పట్టుకుని పి.గన్నవరం దాకా, అక్కడ అక్విడెక్టు (నది మీంచి కాలువని దాటించే వంతెన) మీదుగా గోదావరి పాయ వైనతేయ దాటి నగరం అనే ఊరు, రాజోలు, సఖినేటిపల్లి, ఆఖర్న అంతర్వేది. నాకు ఐదు పగళ్ళు పట్టింది, రోజుకి 15 నుంచి 18 కిలోమీటర్లు. వంతెనలు, గట్లు తప్ప ఎక్కే ఎత్తంటూ ఏదీ లేదు. అయినా మొదటి రోజే రెండుసార్లు వెనక్కి నడవాల్సొచ్చింది. రెండుసార్లూ కారణం ఒకటే, తప్పు గట్టు పట్టుకోవడం.

ఏ కాలువకైనా గట్లు రెండు. ఒకదాని మీద తారో గ్రావెలో వేసి ఉంటుంది, మోటారు సైకిళ్ళు తిరుగుతుంటాయి, నీడ తక్కువ. రెండోది కొబ్బరితోటల పక్కన చల్లగా, మెత్తగా, రమ్మని పిలుస్తున్నట్టు ఉంటుంది. ఆ పిలుపుకి లొంగితే ఒకటి రెండు కిలోమీటర్ల తర్వాత ఎవరి పెరట్లోనో తేలతాం: ముందు గడ్డిమేటు, పక్కన పశువులపాక, దాని వెనక దడి. వంతెనేమో వెనక్కి ఉంటుంది. ఫోన్లో ఉపగ్రహ పటం చూసుకున్నా లాభం లేదు. కొబ్బరి తలలు కమ్మేసిన చోట కింద దారుందో దడి ఉందో పైనుంచి కనపడదు.

అందుకని ప్రతి వంతెన దగ్గరా ఆగి నేల చూడడం అలవాటు చేసుకున్నాను. మట్టిలో సైకిలు టైరు జాడ ఉంటే ఆ దారి అవతలి ఊళ్ళో తేలుతుంది. పశువుల గిట్టలూ మనుషుల అడుగులూ మాత్రమే ఉంటే అది రేవుదాకా వెళ్ళి వెనక్కొచ్చే బాట. ఈ లెక్క నాకు ఒక్కసారే తప్పింది, అదీ వాన పడి జాడలు చెరిగిపోయిన పొద్దున. అనుమానమొస్తే అడగండి, కానీ "దారుందా" అనొద్దు. మనవైపు ఆ ప్రశ్నకి "ఉందండీ" అన్నదే జవాబు. "ఇటు సైకిలు మీద వెళ్తారాండీ?" అంటే నిజం బయటికొస్తుంది. "బస్సుంది కదండీ, ఈ నడకేంటండీ" అన్న మాట మాత్రం రోజుకి పదిసార్లు వినడానికి సిద్ధంగా ఉండాలి.

ఎప్పుడు బయల్దేరాలన్నది నీళ్ళని బట్టి ఉంటుంది. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల్లో కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. అప్పుడు పూడిక తీసి గట్టు మీదే కుప్పలు పోస్తారు, మోకాటి ఎత్తు మట్టిగడ్డల మీద నడక సాగదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక పడితే నడక మానుకోవాలి. గట్టు బాగానే ఉన్నా లంకల్లోకి వెళ్ళే కాజ్‌వేలు మునుగుతాయి, రేవుల్లో పంట్లు (ఏరు దాటించే పెద్ద పడవలు) ఆపేస్తారు, వెనక్కి రావడానికి దారి ఉండదు. సార్వా (మొదటి పంట) కోతలయ్యాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. ఆ నెలల్లో ఇబ్బంది పెట్టేది పొద్దుటి మంచు. ఏడున్నర దాకా పది గజాల అవతల ఏముందో తెలీదు కాబట్టి తారు గట్టు మీద ఆ వేళకి ముందు నడవొద్దు.

చెప్పుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. కొండల కోసం కొన్న లోతైన గాట్ల బూట్లు మన ఒండ్రులో పనికిరావు. చిరుజల్లు పడ్డ గట్టు మీద ఇరవై అడుగులు వేసేసరికి గాట్లన్నీ మట్టితో పూడిపోతాయి. ఆ మట్టికి ఇంకో పొర, దానికి ఎండుగడ్డి అంటుకుని, కాలు అరకిలో బరువెక్కుతుంది. చదునైపోయిన ఆ అడుగు సబ్బు మీద పెట్టినట్టు జారుతుంది, అదీ ఎప్పుడూ కాలువ వైపుకే, గట్టు వాలు అటే కదా. లోతు తక్కువ గాట్లతో, మడమకి పట్టీ ఉన్న రబ్బరు చెప్పులే మేలు. చేతిలో జానెడు కొబ్బరిమట్ట ముక్క ఉంచుకుని, అంచు పలచగా చెక్కుకుంటే మట్టి పొర ఒక్క గీతలో ఊడొస్తుంది. పుల్లతో గీకితే పుల్ల విరుగుతుంది, గడ్డితో తుడిస్తే గడ్డీ అంటుకుంటుంది. ఎండిన చోట పల్లేరుకాయలు ఉంటాయి, పలచటి స్లిప్పరు అడుగుని పొడుచుకుని పైకొస్తాయి. గట్టి నేల మీద గంటకి నాలుగున్నర కిలోమీటర్లు, ఈ జిగట మీద మూడు దాటదు. రోజు లెక్క మూడుతోనే వేసుకోండి.

కాలువ నీళ్ళు తాగొద్దు. రెండు లీటర్లు మోసుకుంటే చాలు, దారంతా బొండాలు దొరుకుతాయి. ఆత్రేయపురంలో పూతరేకులు కొని సంచిలో పెట్టుకుంటే మధ్యాహ్నానికి పొడి మిగులుతుంది, అక్కడే తినెయ్యండి.

లొల్ల లాకుల దగ్గర కాలువ చీలుతుంది. ఇక్కడ తప్పిపోతే అమలాపురం కాలువ పట్టుకుని పూర్తిగా వేరే వైపు పోతాం. గన్నవరం కాలువ ఏదో లాకుల మీదున్న లస్కరుని (కాలువ కాపలా మనిషిని) అడగడమే మంచిది. లాకు తలుపుల మీది సన్నటి నడకపట్టీ అడ్డదారిలా కనిపిస్తుంది గానీ, అది గేట్లు తిప్పేవాళ్ళ కోసం. పాకుడు పట్టి ఉంటుంది, కింద నీళ్ళు సుడి తిరుగుతుంటాయి. అడక్కుండా ఎక్కొద్దు. శనివారం మాత్రం ఈ ముక్క పెట్టుకోకండి. వాడపల్లి వెంకన్నకి ఏడు వారాలు మొక్కుకున్నవాళ్ళతో రోడ్డంతా కిక్కిరిసి ఉంటుంది.

పి.గన్నవరం అక్విడెక్టు నడకలో నాకు బాగా నచ్చిన చోటు. కింద వైనతేయ, పైన కాలువ. నది దాని దారిన సముద్రానికి పోతుంటే, దాని నెత్తి మీంచి పంటనీళ్ళు అడ్డంగా నగరం వైపు పోతుంటాయి. 1847లో ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట మొదలై 1852కి పూర్తయిన ఆ రోజుల్లోనే ఇక్కడ పాత అక్విడెక్టు కట్టారు. ఇప్పటిది డొక్కా సీతమ్మ గారి పేరున ఉంది. నిలబడి చూడాలనిపిస్తుంది కానీ వాహనాలు ఆగవు, ఎదురొచ్చే బండి కనపడేలా కుడి పక్కన నడవండి.

నగరం వైపు దాటాక గట్టు పక్కన పసుపు రంగు గుర్తు రాళ్ళు కనిపిస్తాయి. కింద గ్యాసు పైపులైను ఉందని వాటి అర్థం. 2014 జూన్‌లో నగరంలో పైపులైను పేలి ఎంతోమంది చనిపోయారు. వాసన వస్తే బీడీ, ఫోను ఏదీ తీయకుండా గాలికి ఎదురు దిక్కున దూరం జరిగి, ఆ తర్వాతే ఎవరికైనా చెప్పాలి.

కోతల తర్వాత గడ్డిమోపుల కింద రక్తపింజరలుంటాయి. చేతికర్రతో నేల తడుతూ నడవండి, ఆ కర్ర కుక్కల్ని అదిలించడానికీ పనికొస్తుంది. పాము కరిస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, నడవొద్దు. కాలు కదలకుండా బండి మీద ఆస్పత్రికి చేరడమే.

సఖినేటిపల్లి దాటాక చెట్లు తగ్గిపోతాయి. ఉప్పునేల, రొయ్యల చెరువులు, వాటి చుట్టూ తీగలు. పాత కాలిబాటలు చాలావరకు చెరువు గట్లలో కలిసిపోయాయి. కాపలా కుక్కలున్న చెరువు గట్టు ఎక్కకుండా తారు రోడ్డు మీదే పోవడం మేలు. నీడ లేదు కాబట్టి ఈ ముక్క పొద్దున్నే, మంచు విడవగానే మొదలుపెట్టాలి. భీష్మ ఏకాదశి రోజుల్లో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి జనం పోటెత్తుతారు, బస దొరకదు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, కానీ కాలి కింద ఇసుక లాగేస్తుంది. మోకాళ్ళ లోతు కూడా దిగొద్దు.

తిరుగు ప్రయాణానికి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నర్సాపురం. అక్కడ రైలుంది. గాలి ఎక్కువైనా, ఏరు పొంగినా పంటు ఆపేస్తారు కాబట్టి, అంతర్వేది వెళ్ళేటప్పుడే రేవులో ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి పెట్టుకోండి.