7×57 మౌజర్‌ని పెద్ద వేటకి రెడీ చేసుకున్న నా అనుభవం

ఎల్క్ (గుర్రమంత పెద్ద జింక) వేటకి 7×57 (7 మిల్లీమీటర్ల తూటా, 57 మిల్లీమీటర్ల కేసు ఉన్న కార్ట్రిడ్జ్, అంటే కేసు, పౌడర్, తూటా కలిసిన రౌండ్) రైఫిల్ తీసుకెళ్తానని చెప్పినప్పుడు నాతో వచ్చే వాళ్ళందరిదీ ఒకటే మాట, జింకలకైతే ఓకే గానీ ఎల్క్‌కి అది ఆనదు, హాయిగా ఒక మాగ్నమ్ (ఇంకా ఎక్కువ పౌడర్‌తో గట్టిగా కొట్టే రకం) కొనుక్కో అని. నాకేమో ఈ కార్ట్రిడ్జ్ మీద ఎప్పట్నుంచో మనసు. 1892లో పుట్టింది, ఇప్పటికీ తయారవుతూనే ఉంది. మనుషుల్ని తినే చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో వేటగాడు జిమ్ కార్బెట్‌కి బహుమతిగా ఇచ్చిన రైఫిల్ ఇందులోదే, బ్రిటన్‌లో దీన్నే .275 రిగ్బీ అనేవాళ్ళు, 1926లో రుద్రప్రయాగ చిరుతని ఆయన కొట్టింది కూడా దాంతోనే. ఆఫ్రికాలో కరమోజో బెల్ అనే వేటగాడైతే వెయ్యికి పైగా ఏనుగుల్ని వేటాడాడు, అందులో ఎక్కువ భాగం 7×57 తోనే. అది చూసి ఏనుగుకే చాలింది ఇంక దేనికైనా చాలు అనుకోకండి దయచేసి, ఆయన వాడినవి సాలిడ్ తూటాలు (విచ్చుకోకుండా నేరుగా దిగేవి), పైగా ఏనుగు తలని రంపంతో కోయించి మెదడు సరిగ్గా ఎక్కడుంటుందో చూసుకున్న మనిషి. నాకు అందులో పనికొచ్చింది ఒక్కటే, పొడుగ్గా బరువుగా ఉన్న తూటా ఓ మోస్తరు వేగంతో వెళ్ళినా లోపలికి బాగా దిగుతుంది.

మరి దీనికి చాలదన్న పేరు ఎందుకొచ్చింది అంటే, నాకు తెలిసి తప్పు కార్ట్రిడ్జ్‌ది కాదు, షాపులో దొరికే ఫ్యాక్టరీ లోడ్లది (కంపెనీ పౌడర్ నింపి అమ్మే రౌండ్లది). 1893, 1895 మోడల్ మౌజర్లు ఇప్పటికీ చాలామంది దగ్గర ఉన్నాయి, వాటి యాక్షన్ (రౌండ్‌ని లోపలికి తోసి వెనక నుంచి లాక్ చేసే యంత్రాంగం) తర్వాత వచ్చిన 98 మోడల్ అంత గట్టిది కాదు, అందుకని అమెరికాలో దీని ప్రెషర్ లిమిట్ (కాల్చినప్పుడు లోపల పుట్టే ఒత్తిడికి హద్దు) 51,000 పీఎస్‌ఐ దగ్గరే ఆపేశారు. యూరప్‌లో అదే కార్ట్రిడ్జ్‌కి 3,900 బార్, అంటే సుమారు 56,500 పీఎస్‌ఐ. మెత్తటి లోడ్ కాల్చి ఇదేం కార్ట్రిడ్జ్ అని పక్కన పడేసిన వాళ్ళు నాకు తెలిసే చాలామంది ఉన్నారు, పాపం.

అందుకే రైఫిల్ వెతికేటప్పుడే 98 యాక్షనే కావాలని గట్టిగా పెట్టుకున్నాను. 98కి బోల్ట్ (రౌండ్ వెనక మూసుకునే కడ్డీ) వెనకాల మూడో లగ్ (బోల్ట్‌ని లాక్ చేసే పన్ను లాంటిది) ఉంటుంది, కేసు ఎప్పుడైనా పగిలితే గ్యాస్ మొహం మీదకి రాకుండా పక్కకి పోవడానికి బోల్ట్‌కి వెంట్లు, వెనక వెడల్పాటి ఫ్లాంజ్ ఉంటాయి. దొరికింది పాతదే, ఎవరో బాగా చూసుకున్న స్పోర్టర్ (వేటకి తగ్గట్టు చేసిన రైఫిల్). ముందు గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కి, లోపల కేసు ఆగే చోటుకి మధ్య దూరం) చూపించాను, గో గేజ్ (ఉండాల్సిన కనీస కొలత) మీద బోల్ట్ మెత్తగా మూసుకుంది, నో-గో (దాటకూడని కొలత) మీద సగంలో ఆగిపోయింది, అక్కడికి నాకు ప్రాణం లేచొచ్చింది. పాత రైఫిల్ కొన్న వాళ్ళు ఈ పని చెయ్యకుండా ఒక్క రౌండ్ కూడా కాల్చొద్దు, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా.

స్కోప్ బిగించడం ఇంకో గొడవ. మిలిటరీ మౌజర్‌కి బోల్ట్ హ్యాండిల్ పైకెత్తితే స్కోప్‌కి తగులుతుంది, సేఫ్టీ జెండాలాగా నిటారుగా లేస్తుంది కాబట్టి అదీ ఐపీస్‌కి తగులుతుంది. నా దానికి హ్యాండిల్ అప్పటికే వంచి ఉంది, సేఫ్టీ మాత్రం తక్కువ ఎత్తుది మార్పించి, రిసీవర్‌కి నాలుగు రంధ్రాలు వేయించి బేసులు పెట్టించాను. స్కోప్ 2-7 పవర్, ఇంతకంటే పెద్దది ఈ రైఫిల్‌కి బరువు తప్ప లాభం లేదని నా అభిప్రాయం.

అసలు పని థ్రోట్ (రౌండ్ కూర్చునే చాంబర్‌కి, తూటాని తిప్పే గాడులు అంటే రైఫ్లింగ్ మొదలయ్యే చోటుకి మధ్య ఖాళీ) దగ్గర మొదలైంది, ఎక్కువ మంది ఇక్కడే విసిగిపోతారు. ఈ కార్ట్రిడ్జ్ మొదట్లో 173 గ్రెయిన్ల (ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు) గుండ్రటి మొన తూటాకి చేసింది, దానికి తగ్గట్టే పాత చాంబర్లలో థ్రోట్ బాగా పొడుగు. ఇప్పటి 140 గ్రెయిన్ల తూటా పెడితే అది కేసు వదిలాక రైఫ్లింగ్‌ని అందుకోడానికి చాలా దూరం ఖాళీలో పోవాలి. నా దాంట్లో ఎంత దూరమో చూద్దామని కాల్చిన కేసు ఒకటి తీసుకుని మెడని సన్నటి రంపంతో నిలువుగా చీల్చాను, అందులో తూటాని వేలితో కొంచెం లోపలికి నెట్టి, మార్కర్‌తో నల్లగా పూసి, చాంబర్‌లో పెట్టి బోల్ట్ మెల్లగా మూశాను. రైఫ్లింగ్ తగిలి తూటా తనంతట తనే కేసులోకి జరుగుతుంది, మళ్ళీ జాగ్రత్తగా బయటికి తీసి కాలిపర్‌తో కొలిస్తే సరి, నలుపు మీద ల్యాండ్స్ (రైఫ్లింగ్ గాడుల మధ్య గట్లు) గీతలు కూడా కనపడతాయి. 140తో చూస్తే రైఫ్లింగ్‌కి తగిలే పొడవులో తూటా అడుగు మెడలో నిలబడీ నిలబడనట్టు ఉంది, అలా లోడ్ చేస్తే జేబులో వేసుకున్నా కదిలిపోతుంది. 160 గ్రెయిన్ల, మధ్యలో అడ్డు గోడ ఉన్న వేట తూటా నోస్లర్ పార్టిషన్‌తో ఆ ఇబ్బంది లేదు, 7×57 మెడ ఎలాగూ పొడుగే కాబట్టి తూటాని గట్టిగా పట్టుకుంటుంది, మ్యాగజైన్‌లో కూడా ముందు గోడకి తగలకుండా కూర్చుంటుంది. బ్యారెల్ ట్విస్ట్ 220 మిల్లీమీటర్లకి ఒక చుట్టు, పొడుగు తూటాల కోసమే పుట్టిన ట్విస్ట్ అది. దాంతో 160 అని ఫిక్స్ అయిపోయాను.

కేసులు కొనేటప్పుడు అడుగు మీద ముద్ర చూసుకోవాలి, చివర ఆర్ (7×57R) ఉంటే అది అంచు బయటికి ఉన్న రకం, మధ్యలో విరిచి లోడ్ చేసే బ్రేక్-యాక్షన్ రైఫిళ్ళకి, మన మౌజర్‌కి పనికిరాదు. మొదటిసారి కాల్చిన కేసుల్ని మళ్ళీ సైజుకి తెచ్చే అచ్చు, అంటే డై‌లో పూర్తిగా నొక్కెయ్యకుండా కేసు భుజం (మెడ కింద వాలుగా వెడల్పయ్యే చోటు) అంగుళంలో 2 వేలవంతులు మాత్రమే వెనక్కి జరిగేలా డై సెట్ చేసుకున్నాను, పాత చాంబర్లు కాస్త వదులుగా ఉంటాయి, ప్రతిసారీ భుజం ఎక్కువ వెనక్కి నొక్కితే కేసు అడుగు దగ్గర సాగి సాగి చివరికి తెగుతుంది. పౌడర్ ఎంత వేశానో ఇక్కడ రాయను, నా రైఫిల్‌కి బాగున్నది ఇంకొకరి 1893 మోడల్‌ని పాడు చెయ్యొచ్చు, రీలోడింగ్ మాన్యువల్ తీసి కింది నంబర్‌తో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవడమే. నేను నిదానంగా మండే పౌడర్ వాడాను, పెంచిన ప్రతిసారీ క్రోనోగ్రాఫ్ మీద వేగం రాసుకుని, బోల్ట్ ఎత్తడం ఏమాత్రం బిగుసుకుందా, కేసు అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ చదునైందా అని చూసుకున్నాను, ప్రెషర్ ఎక్కువైతే కనపడే గుర్తులు అవి.

సెకనుకు 2,600 అడుగుల దగ్గర గ్రూప్ ఒక్కసారిగా దగ్గరకొచ్చింది, 100 గజాల్లో మూడు రంధ్రాలు ఒక అంగుళం లోపల, రెండు ఒకదాన్నొకటి తాకుతూ. రైఫ్లింగ్‌కి తగిలేట్టు పెడితే తప్ప గురి కుదరదని అందరూ అంటారు గానీ నా తూటా కొంత దూరం ఖాళీలో దూకి కూడా ఇలా కొట్టింది. ఇంకా పెంచడానికి మాన్యువల్‌లో చోటుంది, నేను అక్కడే ఆపేశాను.

స్కోప్‌ని 200 గజాలకి జీరో చేశాను (అక్కడ గురి పెట్టిన చోటే తగిలేట్టు సెట్ చేశాను), 100 దగ్గర రెండు అంగుళాల పైచిలుకు ఎత్తులో తగులుతుంది, 300 దగ్గర సుమారు ఎనిమిది తొమ్మిది అంగుళాలు కింద. 300లో కూడా వేగం 2,000 అడుగులు దాటే ఉంటుంది, పార్టిషన్ విచ్చుకోడానికి 1,800 చాలు. అంతకంటే దూరం ఎల్క్ మీద నేను కాల్చను, ఈ కార్ట్రిడ్జ్ అనే కాదు ఏ కార్ట్రిడ్జ్‌తోనైనా. దీని అసలు సుఖం ఎక్కడంటే భుజానికి దెబ్బ తగలదు, అందుకే మోకాలి మీద, కూర్చుని, కర్ర ఆసరాతో సాయంత్రం దాకా ప్రాక్టీస్ చేసినా ట్రిగ్గర్ దగ్గర ఉలికిపాటు రాలేదు. మాగ్నమ్ పట్టుకున్న వాళ్ళు పది రౌండ్లకే రైఫిల్ సంచిలో పెట్టేస్తుంటారు.

సీజన్‌లో నా ట్యాగ్ (వేట అనుమతి) వర్తించే ఆడ ఎల్క్ ఒకటి 170 గజాల దగ్గర అడ్డంగా నిలబడింది. ముందు కాలి వెనక, ఛాతీలో మూడో వంతు ఎత్తులో పెట్టి కాల్చాను. తగిలిన చప్పుడు స్పష్టంగా వినపడింది, అది మామూలుగా నడుస్తున్నట్టే కొంచెం దూరం వెళ్ళి పడిపోయింది, రెండో రౌండ్ లోడ్ చేసి పెట్టుకున్నా గానీ అవసరం రాలేదు. రెండు ఊపిరితిత్తుల్నీ దాటి తూటా అవతలి పక్క చర్మం కింద ఆగింది. చీరుతున్నప్పుడు వేలికి తగిలితే బయటికి తీశాను, ముందు సగం విచ్చుకుని వెనక్కి మడిచిపోయింది, గోడకి వెనకున్న సగం చెక్కుచెదరలేదు, తూకం వేస్తే 108 గ్రెయిన్లు. మాగ్నమ్ కొనుక్కోమన్న వాళ్ళలో ఒకాయన అది చేతిలో పట్టుకుని చాలాసేపు చూసి, నీ థ్రోట్ కొలత ఎలా తీశావో నాకు కూడా చూపించు అన్నాడు. వాళ్ళ తాతగారిది ఒక 7×57 అటక మీద ఉందట, ఏ మోడలో ఆయనకే తెలీదు. ముందు యాక్షన్ 98 అవునో కాదో చూద్దాం, హెడ్‌స్పేస్ కొలిపిద్దాం, లోడ్ సంగతి ఆ తర్వాతే అని చెప్పాను.