ట్యూబు చివర అంకెలు చదివి సరైన ట్యూబు తెచ్చుకోవడం: నా అనుభవం

బెంగళూరులో మేముండే ఇంట్లో వంటగది ట్యూబు మినుకుమినుకుమంటుంటే మెయిన్ ఆపి దింపాను. రెండు చివర్లూ మసిపట్టినట్టు నల్లగా ఉన్నాయి. లోపలి ఫిలమెంట్ల మీది పూత అరిగిపోయిందన్నమాట. స్టార్టర్ ఎన్ని మార్చినా ఇక లాభం లేదు.

చివర ముద్ర: టీఎల్-డి 36 వాట్/54-765. ఎస్పీ రోడ్డులో "నాలుగడుగుల ట్యూబు ఇవ్వన్నా" అంటే చేతికందింది ఇస్తారు. ఈ ముద్రను ఫోటో తీసి చూపిస్తే పని తేలిక.

టీఎల్-డి అనేది 26 మి.మీ. ట్యూబుకు ఫిలిప్స్ వాళ్ల పేరు. మామూలు మాటల్లో అదే టీ8. టీ పక్క అంకె లావును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతుంది: టీ12 ఒకటిన్నర అంగుళం, టీ8 ఒక అంగుళం, టీ5 సుమారు 16 మి.మీ. టీ8, టీ12 పిన్నుల మధ్య దూరం 13 మి.మీ., టీ5కు 5 మి.మీ. 28 వాట్ల టీ5 పొడవులోనూ 5 సెం.మీ. తక్కువ, కాబట్టి ట్యూబు బిగించే పాత పట్టీలో కూర్చోనే కూర్చోదు.

765లో 7 అంటే రంగులు కనబడే నాణ్యత నూటికి 70ల్లో ఉందని, 65 అంటే 6500 కెల్విన్, తెల్లటి పగటి వెలుగు అని. 54 అదే రంగుకు పాత గుర్తు. నేను 865 తీసుకున్నాను. వాట్లు అవే, కరెంటు ఖర్చు అదే. వెలుగు మాత్రం సుమారు 2500 ల్యూమెన్ల (వెలుగు కొలత) నుంచి 3250కి పెరుగుతుంది. కూరగాయల రంగు కూడా పాలిపోయినట్టు కనబడదు. పసుపు ఛాయ కావాలంటే 827 లేదా 830, మధ్యస్థంగా అయితే 840.

అసలు తంటా చోక్‌తో, అంటే ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరంతో. ఇనుప చోక్ మీద 36/40 వాట్ అని ఉంటే టీ8 36 వాట్లు, పాత టీ12 40 వాట్లు రెండూ దానికి సరిపోతాయి. ఇంటర్నెట్ చార్టుల్లో కనబడే ఎఫ్32టీ8 అమెరికా ట్యూబు. పొడవూ పిన్నులూ సరిపోతాయి గానీ దానికి కావలసింది 0.265 ఆంపియర్లు, మన 36 వాట్ల చోక్ ఇచ్చేది 0.43. పట్టిందే కదా అని బిగిస్తే తొందరగా మాడిపోతుంది.

స్టార్టర్‌కూ గుర్తులున్నాయి. ఒక చోక్‌కు ఒకే 36 వాట్ల ట్యూబు ఉంటే ఎస్10. ఒకే చోక్ మీద వరసగా రెండు 18 వాట్ల రెండడుగుల ట్యూబులుంటే ఒక్కోదానికి ఒక ఎస్2. చివర్లు మాత్రమే ఎర్రగా వెలుగుతూ మధ్యలో చీకటిగా ఉంటే, స్టార్టర్ తిప్పి బయటికి లాగండి. ట్యూబు వెంటనే వెలిగితే తప్పు స్టార్టర్‌దే. ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న పట్టీకి స్టార్టరే అక్కర్లేదు.

ఇప్పుడు కొట్లలో ముందు ఎల్ఈడీ ట్యూబే చూపిస్తారు. కొనడంలో తప్పు లేదు, కానీ దాని మీది వైరింగ్ బొమ్మ చూడకుండా బిగించొద్దు. కొన్నింటికి ఫేజు, న్యూట్రల్ ఒకే చివర ఇవ్వాలి. కొన్నింటికి చెరో చివర. చెరో చివర ఇచ్చే రకంలో ఒక చివర హోల్డర్లో పెట్టగానే రెండో చివరి పిన్నులకు కరెంటు రావచ్చు, అందుకే గోడ స్విచ్ కాదు, మెయిన్ బోర్డులోని ఎంసీబీయే ఆపాలి. ఇనుప చోక్ ఉంచుకునే రకమైతే డబ్బాలో ఎల్ఈడీ స్టార్టర్ వస్తుంది. పాతది తీసి అదే పెట్టాలి. నేరుగా మెయిన్స్‌కు కలిపే రకమైతే చోక్‌ను తప్పించి కలపాలి.

పాత ట్యూబులో పాదరసం ఉంటుంది. పగలకుండా కొత్తదాని అట్టపెట్టెలో పెట్టి ఇ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పగిలితే కిటికీలు తెరిచి పావుగంట గది వదిలేసి, చీపురూ వాక్యూమూ వాడకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి, పొడిని తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా మూతి బిగించే సీసాలో వెయ్యండి.