గద్దింపు తిన్నది శిష్యులే

మార్కు సువార్త 10:14లో యేసు ప్రభువుకు కోపం వచ్చింది. ఆయన్ని ఎప్పుడూ తప్పుపట్టే పరిసయ్యుల మీద కాదు, సొంత శిష్యుల మీద. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లను వాళ్లు కసిరారు మరి. “చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడి, వారి నాటంకపరచవద్దు” అని సండే స్కూల్ గోడల మీద రంగుల్లో రాయిస్తాం, అదేదో పిల్లల వాక్యమన్నట్టు. నిజానికది పెద్దలకు పడ్డ చీవాట్లు.

ఆస్కార్ వైల్డ్ 1888లో అచ్చువేసిన ‘ది సెల్ఫిష్ జెయింట్’ చదివాక ఈ వాక్యం నాకు ఇంకా గట్టిగా తగిలింది. తోటలో ఆడుకునే పిల్లల్ని రాక్షసుడు తరిమేసి, ఎత్తుగా గోడ కట్టి బోర్డు పెడతాడు. ఊరంతా వసంతం, అతని తోటలో మాత్రం మంచు. (గుంటూరు ఎండల్లో పెరిగిన మన పిల్లలకు అది శిక్షలా అనిపించదనుకోండి!) చివరికి గోడలోని కంతలోంచి పిల్లలు దూరి కొమ్మలెక్కగానే చెట్లు పూస్తాయి, ఒక్క మూల తప్ప. అక్కడ కొమ్మ అందక ఏడుస్తున్న చిన్నవాణ్ణి రాక్షసుడే ఎత్తి చెట్టు మీద కూర్చోబెడతాడు. గోడ పడగొడతాడు. అతను ముసలివాడయ్యాక ఆ బాబు మళ్లీ వస్తాడు, అరచేతుల్లో, పాదాల్లో మేకుల గాయాలతో. ఈసారి నా తోటకు రా అంటాడు. ఆ తోట పరదైసు, అంటే పరలోకం.

కథలో యేసు పేరు ఎక్కడా లేదు. అయినా గాయాల దగ్గరికి రాగానే పిల్లలు పోల్చేస్తారు. “బైబిలుండగా కథల పుస్తకాలెందుకు?” అనే పెద్దల మాట అందుకే నాకు నచ్చదు. తప్పిపోయిన కుమారుని కథ చెప్పింది ప్రభువే కదా. కంఠత వాక్యాల పోటీకి బహుమతిగా స్టీలు గిన్నెలకు బదులు, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో నాలుగు పుస్తకాలు కొనొచ్చు.

నన్ను వదలనిది మాత్రం ఆ మూల చెట్టే. మిగతావాళ్లు తమంతట తామే ఎక్కారు. మన వీబీఎస్‌లోనూ, అంటే వేసవి సెలవుల బైబిలు బడిలోనూ, పాటలొచ్చినవాళ్లు ముందు వరుసలో ఉంటారు. అమ్మానాన్నలు చర్చికి రాని ఇంటి పిల్లవాడు చెప్పుల దగ్గరే నిలబడతాడు. వాణ్ణి మనం మొదట అడిగేది “మీది ఏ సంఘం?” అని, అంటే ఏ చర్చి అని. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి పిల్లలకు బడులు తెరిచేనాటికి ఇక్కడ లూథరన్ సంఘమే లేదు, ఇక సంఘస్థుల పిల్లలెక్కడ?

వచ్చే మే నెల హాజరు పట్టీలో ‘సంఘం పేరు’ అనే గడి తీసేద్దామని మా టీచర్లతో అన్నాను. ఇద్దరు సరేనన్నారు. మిగతావాళ్లు పాస్టర్‌గారిని అడగాలంటున్నారు.