తవ్వకుండా వేళ్ల జాడ పట్టడం: పొలంలో విద్యుత్ నిరోధకత కొలిచిన నా అనుభవం

మొక్కజొన్న వేళ్లు ఎంత లోతు నుంచి నీళ్లు తాగుతున్నాయో చూడాలని గొయ్యి తీస్తే, ఆ మొక్క అక్కడితో సరి. వారం తర్వాత అదే చోట మళ్లీ చూడలేం. నేలలోకి పంపే రాడార్ తరంగాలేమో తడి బంకమట్టిలో కొద్ది లోతుకే అణిగిపోతాయి, సన్నని పీచువేళ్లు వాటికి చిక్కవు. అందుకే నేను నేల విద్యుత్ నిరోధకత, అంటే కరెంటును నేల ఎంతగా అడ్డుకుంటుందో, కొలిచే పద్ధతినే నమ్ముకున్నాను. ఇందులోనూ వేళ్లు కనిపించవు. అవి నీళ్లు లాగేసిన చోట నేల ఎండి, నిరోధకత పెరుగుతుంది. మనకు దొరికేది ఆ పెరుగుదలే.

సాళ్లకు అడ్డంగా 25 సెం.మీ. ఎడంతో 24 స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు పాతుతాను. లైను 5.75 మీటర్లు వస్తుంది. వెన్నర్ అమరికలో ఒక్కో రీడింగుకు సమాన ఎడం ఉన్న నాలుగు కడ్డీలు కావాలి. బయటి రెండింటికి కరెంటు ఇచ్చి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూస్తాం. వోల్టేజీని కరెంటుతో భాగించి 2πaతో గుణించాలి (a అంటే కడ్డీల ఎడం). ఎడం 0.25 మీటర్లు, భాగిస్తే వచ్చింది 20 ఓమ్‌లు అయితే నిరోధకత 31.4 ఓమ్-మీటర్లు. ఎడాన్ని 1.75 మీటర్ల దాకా పెంచుకుంటూ పోతే 84 రీడింగులు వస్తాయి, చూపు సుమారు 90 సెం.మీ. లోతుకు అందుతుంది. కడ్డీని 5 సెం.మీ. కంటే లోతుగా దించను, ఎందుకంటే లెక్కలో దాన్ని బిందువుగానే తీసుకుంటాం.

ఒకసారి పాతిన కడ్డీలను పంటకాలమంతా కదపకూడదు. ఈ 25 సెం.మీ. ఎడంలో బయటి కడ్డీ ఒక్క సెంటీమీటరు జరిగితే రీడింగు దాదాపు 3 శాతం, లోపలిది జరిగితే దాదాపు 5 శాతం మారుతుంది. వేళ్లు తెచ్చే మార్పు కూడా కొన్ని రోజుల్లో అంతే ఉండొచ్చు. అప్పుడు ఏది ఏదో విడదీయలేం.

పైమట్టి ఎండితే కడ్డీకి నేల సరిగా అంటదు, కరెంటు పారదు. ఉప్పునీళ్లు పోస్తే వెంటనే పని జరుగుతుంది గానీ ఆ ఉప్పు మట్టిలోనే ఉండిపోయి తర్వాతి కొలతలన్నిటినీ తగ్గించి చూపుతుంది. నేను కడ్డీకి 50 మి.లీ. మంచినీళ్లే పోస్తాను, ప్రతిసారీ అంతే.

అందరూ తేలిగ్గా తీసుకునేది ఉష్ణోగ్రత. నేల ఒక డిగ్రీ వేడెక్కితే విద్యుత్ వాహకత సుమారు 2 శాతం పెరుగుతుంది, అంటే నిరోధకత తగ్గుతుంది. పొద్దున 25 డిగ్రీలున్న పైమట్టి మధ్యాహ్నానికి 35కు చేరితే, చుక్క నీరు పడకపోయినా తడిసినట్టే కనిపిస్తుంది. రోజూ తెల్లవారుజామునే కొలుస్తాను. 5, 20, 50 సెం.మీ. లోతుల్లో థర్మామీటర్లు ఉంచి, ఆయా లోతుల నిరోధకతను [1 + 0.02 (T − 25)]తో (T అంటే ఆ లోతులో ఉష్ణోగ్రత) గుణించి 25 డిగ్రీలకు సరిచేస్తాను.

కరెంటు జంటనూ వోల్టేజీ జంటనూ తారుమారు చేసి మళ్లీ కొలిస్తే అదే విలువ రావాలి. 5 శాతం కంటే తేడా వస్తే ఆ రీడింగు తీసేస్తాను. కరెంటు ఇచ్చిన కడ్డీతో వెంటనే వోల్టేజీ చూడకూడదు. దాని మీద ఆవేశం కాసేపు నిలిచే ఉంటుంది.

నిరోధకత పెరిగిన ప్రతిచోటా వేళ్లే ఉన్నాయనుకోవద్దు. ఎండకు ఆవిరైనా పెరుగుతుంది, బంకమట్టిలో పగుళ్లు విచ్చినా పెరుగుతుంది. పక్కనే పంట లేని చోట ఇలాంటిదే ఇంకో లైను వేసి, ఆ మార్పును ఈ మార్పులోంచి తీసేయడం నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. అయితే పంట నీడలో నేల తక్కువగా ఆరుతుంది కాబట్టి పై 10 సెం.మీ.కు ఈ తీసివేత నప్పదు, ఆ పొరను లెక్కలోంచి వదిలేస్తాను. ఇక ఈ రీడింగుల నుంచి కంప్యూటరు గీసే నేల లోపలి చిత్రంలో అంచులు మెత్తబడతాయి. 40 సెం.మీ. దగ్గర ఠక్కున ఆగిన ఎండిన భాగం కూడా 60 దాకా పాకినట్టు కనిపించవచ్చు. పంటకాలం చివర లైను పక్కన ఆగర్‌తో (మట్టి తీసే బరమాతో) 10 సెం.మీ.కు ఒకటి చొప్పున మట్టి తీసి, తూచి, 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టి తేమ చూశాకే లోతును అంకెల్లో రాస్తాను.